కుడి చేతి కర్ర

వేలూరు ఆసుపత్రి నుంచి గుడియాత్తంలోని ఇంటికి ఇప్పుడే వచ్చారు. దొరై మేస్త్రి కుర్చీలో కూర్చున్నాడు. భార్య కుప్పమ్మ అతని కుడి మోకాలికి ఐసు పెడుతోంది.

"నాలుగు నెలలు. నాలుగు నెలలు నన్ను తప్పు చేత్తో నడిపించినావే నువ్వు."

"కాలు కదపొద్దు. ఐసు జారతాది."

"ఐసు నీ నెత్తిన పెట్టుకో. కుడి మోకాలు నొప్పైతే కర్ర ఎడమ చేత్తో పట్టాలంట. ఆ కసరత్తు నేర్పించే పిల్ల అంతమంది ముందర అడిగింది, కుడి చేత్తో పట్టమని ఎవురు చెప్పినారు తాతా అని. నా పెండ్లామే అంటే నవ్వింది."

"నివేదమ్మ మంచి పిల్ల. నవ్విందే గాని తిట్టలేదు."

"నేను తిడతా. తిట్టేది ఏంది, నీ తోలు వలిచి పేర్ణాంబట్టు తోళ్ల షెడ్డులో ఉప్పేస్తా."

"సెరి, వలువు. ముందర వాపు తగ్గనీ."

"మొదటిసారి పోయినప్పుడు నేను ఎక్స్‌రే కాడ ఉంటిని. డాక్టరు చెప్పిందంతా నీకే. ఏం చెప్పినాడు?"

"చానా చెప్పినాడు. మోకాట్లో గుజ్జు అరిగింది, గొంతుక్కూర్చోని టైల్స్ పరిచే పని ఇంగ వద్దు, ఒళ్లు తగ్గాల, రోజూ కాలు చాపి పైకెత్తి పది అంకెలు ఎంచాల..."

"కర్ర గురించి?"

"మర్చిపోయినానయ్యా."

"మర్చిపోయినావా? ఇంటికొచ్చి కుడి చెయ్యి, కుడి చెయ్యి అని గట్టిగా చెప్తివే. ముప్పై ఏండ్లు కట్టడం పని చేసినోన్ని, నేనూ నమ్మితిని. దూలం ఏ పక్క కుంగితే ఆ పక్కే గదా కింద కొయ్య నిలబెట్టేది. కుడి కాలు కుంగింది, కుడి పక్కే కొయ్య. సరిగ్గానే ఉండాది అనుకుంటిని."

"అవును. వెంటనే నమ్మినావు."

"కాలు దూలం కాదు తాతా అనింది ఆ పిల్ల. బరువంతా నొప్పి కాలి మీదే పడి ఇంత వాపు వచ్చిందంట. చూడు, నీ వల్లే."

"నా వల్లే."

"ఒప్పుకుంటావా?"

"ఒప్పుకుంటా. దినామూ రెండు పూట్లా ఐసు పెట్టేదీ నేనే గదా."

"ఎదురు మాట్లాడతావే, ఇదో..."

"చెంబు విసిరితే ఏమైతాది? గోడకు తగిలింది. పూత ఊడింది, మళ్లా నువ్వే పూయాల."

"ఈసారి నీ మొగానికే తగిలిస్తా. ఇట్లా దగ్గిరికి రా."

"ఏం?"

"దగ్గిరికి రా అంటి."

"ఈ పక్క తిరిగి చెప్పు. ఆ పక్క చెవి వినపడదు."

"ఏం రోగం దానికి?"

"ఆడి కృత్తిక పండగ దినం పులుసులో ఉప్పు తక్కువని కొట్టినావే, అప్పటి నుంచి వినపడదు. కార్తీక దీపం దినం పన్ను ఊడింది. అంతకు ముందర మన బాలా పెండ్లిలో, వియ్యంకుల ముందర..."

"పాత కథలు ఎత్తొద్దు."

"కొత్తవి లేవే. కర్ర వచ్చినాక ఒక్కటీ లేదు. పాతవే చెప్పాల."

"ఏమన్నావు?"

"ఏమనలేదు. కాలు ఇంకొంచెం చాపు."

"కర్ర ఇట్లియ్యి. ఆ పిల్ల చెప్పినట్టు ఎడమ చేత్తోనే పడతా. కుడి చెయ్యి ఖాళీ ఇంగ. రెండో చెవి కూడా పగలగొట్టి, కుడి ఏదో ఎడమ ఏదో నీకు నేర్పిస్తా."

"కర్ర లేదు."

"లేదా? యాడ పెట్టినావు?"

"ఆసుపత్రిలోనే ఇచ్చేసినా. ఆడినుంచి ఇంటిదాకా నా భుజం పట్టుకోనే గదా వస్తివి. లేనోళ్లు ఎవురికైనా ఇమ్మని నివేదమ్మ చేతికే ఇస్తిని."

"నన్ను అడగకుండానా? ఈ దినం నిన్ను చంపి పెరట్లో గుంత తీసి పూడుస్తా. లేపు నన్ను."

"చంపేదానికైనా ముందర నువ్వు లేయాల గదా. నువ్వే లెయ్యి."

"లేపే, నీ... అమ్మా... అమ్మా..."

"అట్లా ఒక్కసారిగా లేయొద్దయ్యా. కదలకుండా సుమ్మా కూర్చో. చూడు, చెమట పట్టేసింది."

"కర్ర లేకుండా బాత్రూముకు ఎట్లా పోయేది నేను?"

"అదో, ఆ గోనెసంచిలో ఉండాది."

"బస్సులో ఏందే అది అంటే తర్వాత చూపిస్తా అంటివి. ఏముండాది దాంట్లో?"

"వాకర్."

"వాకరా? ఆ పిల్ల నాకు కర్రే చాలనింది గదా."

"చాలనే అనింది. నేనే అడిగి తెచ్చినా."

"ఎందుకు?"

"నేను ఏదీ మర్చిపోలేదయ్యా. డాక్టరు మొదటి దినమే ఎడమ చెయ్యి అని రెండు సార్లు చెప్పినాడు. కుడి అని చెప్పింది నేనే, కావాలనే. నీ కాలు చెడతాదని నాకు తెలుసు. దినామూ ఐసు పెడతా ఏడ్చినా. అయినా పెండ్లయి ముప్పై రెండేండ్లలో నేను బయం లేకుండా కూడు తిన్నది ఈ నాలుగు నెలలే."

"కుప్పమ్మా..."

"దీన్ని రెండు చేతుల్తో పట్టుకోవాల. లెయ్యి, పట్టుకో."