మద్దిచెట్టుకు చెప్పిన మాట

కొమురవ్వ పంతం పట్టిందంటే పట్టిందే. నిరుడు ఆమె కొమ్మ ముడేసి గుర్తు పెట్టుకున్న పుట్ట మీది కొక్కులన్నీ, అంటే పుట్టగొడుగులన్నీ, యారాలు, అదే మరిది పెండ్లాం భూలచ్చవ్వ, పుట్ట తవ్వి మరీ తెంపుకపోయిందంట. ఇగ దాంతోని మాట్లాడనని ఒట్టేసుకుంది. ఏడాది తిరిగొచ్చినా ఒక్క వాకిట్ల ఇద్దరూ మూగోళ్లే అనుకో.

ఏమైందంటే, ఉరిమి ఉరిమి వాన దంచికొట్టింది. తెల్లారి కొమురవ్వ అడివిల అడుగుపెట్టిందో లేదో, ఏం చెప్పాలె. పుట్టకొక్కంటే తెల్లగ ఒక్కటే రకమనుకునేటోళ్లు లేచి పోండ్రి, మీకు చెప్పుడు దండుగ. ముసలి అడివది. టేకాకు కుళ్లినకాడ పసుపు గుండీల లెక్క కొన్ని, పడ్డ మొద్దుకు చెవులు మొలిచినట్టు కొన్ని, వెదురు మొదట్ల అటుకుల లెక్క సన్నయి, కాలు తాకితె బుస్సున పొగ ఇడిసేటియి కొన్ని. ఎవలో వచ్చి సంత పెట్టిపోయినట్టుందంట. ఆమె కాళ్లు ఒక్కకాడ ఆగుతలేవు.

అట్ల పోంగ పోంగ నల్లమద్ది కింద భూలచ్చవ్వ కనబడ్డది. గంప నిండ తెల్లటియి, నిగనిగ మెరుస్తున్నయి. కొమురవ్వకు ముందు కడుపు మండింది, మళ్ల దగ్గరికి పోయి చూసింది. అవి పుట్టకొక్కులు కావు, విషపుయి. ఇంటికి పోతే పిల్లలు తింటరు, పెద్దమ్మా అని ఈమెనే చుట్టుకునే పిల్లలు. చెప్పాలె. ఎట్ల చెప్తది, ఒట్టున్నది గద. మద్దిచెట్టు దిక్కు తిరిగి అన్నదంట, "ఓ చెట్టా, ఆ గంపలయి వండితె రేపు ఆ ఇంట్ల పొయ్యి ముట్టియ్యరని జెర చెప్పు." భూలచ్చవ్వ తక్కువదా? ఆమె గుడ చెట్టుకే చెప్పింది, "చెట్టా, నా గంప చూసి ఓర్వనోళ్లు అట్లనే అంటరని చెప్పు." కొమురవ్వ మళ్ల అన్నది, "పుట్టల పుట్టినదానికి భూమిలకు వేరు తీరు తోకుంటది, దీనికి అడుగున గుడ్డుపెంకు తీరు గిన్నె ఉంటది. తిప్పి చూసుకోమను." "నాకు నేర్పొద్దని చెప్పు" అనుకుంట గంప నెత్తికెత్తుకొని కదిలింది. ఇగ కొమురవ్వ ఆగలే. ఉరికి పోయి గంప గుంజి కింద బోర్లేసింది. భూలచ్చవ్వ తిట్టబోయి కిందికి చూసింది. ఏది చూసినా అడుగున గిన్నె, గుడ్డుపెంకు తీరే.  అన్నిటినీ అవతలికి నూకి, "వట్టి గంపతోని పోతే పిల్లలు నా మొగం చూస్తరు చెట్టా" అన్నదంట. కొమురవ్వ కొంగు దులుపుకొని, "నా ఎంబడి రమ్మను, నా పుట్ట చూపిస్త. తోక తెగకుండ తియ్యాలె, పుట్ట తవ్వితే మళ్లేడు రావు. నిరుటి లెక్క కాదని గట్టిగ చెప్పు" అన్నది.

ఆ పూట రెండు పొయ్యిల మీదా కూర ఉడికింది. మాటలు కలిసినయా అంటరు మీరు. ఎందుకు కలుస్తయి, నేనైనా కలపకపోదును. గానీ ఇప్పటికీ ఉరుమంగనే ఇద్దరూ గంపలేసుకొని ఆ దిక్కే పోతరంట, చెట్టుతోని పనున్నదని.