మా బావ గీసిన నీటి గీత

రెండో పూత కూడా వేస్తావా ఆ స్టూలుకి? వెయ్యి వెయ్యి, నాకేం. స్టూలు గనక సరిపోయింది. అదే ఓడ అయితే రెండో పూత దగ్గరే మొదలయ్యేది అసలు గొడవ. నవ్వకు. మా బావని నువ్వు చూళ్ళేదుగా, నువ్వు పుట్టకముందే పోయాడు. మా అక్క మొగుడు, గడియారాలు బాగుచేసేవాడు. మనిషి బంగారం, కానీ ఆ పట్టింపుందే, బాబోయ్! తలుపు తీసుందా బావా అంటే, ఎంత తీసుందో వేళ్ళతో కొలిచి చెప్పేవాడు. అక్క ఎలా వేగిందో నాకిప్పటికీ అర్థం కాదు.

వాళ్ళ పై వాటాలో ఒక ముసలి ఓడ కెప్టెన్ అద్దెకుండేవాడు. పెళ్ళీ లేదు, పిల్లలూ లేరు, ముప్ఫై ఏళ్ళూ ఒకటే ఓడ. దాన్ని తుక్కు కింద అమ్మేసి, అచ్చం అలాగే ఉండే చెక్క ఓడొకటి ఆయన చేతిలో పెట్టి ఇంటికి పంపేశారు. ఇంతుండేది, ఒక మూర. రంగంతా పెచ్చులూడిపోయింది. ఆయనకేమో చూపు పోతోంది, డాక్టరు నెలో రెండు నెలలో అన్నాడు. ఓరోజు దాన్ని పసిపిల్లని ఎత్తుకొచ్చినట్టు ఎత్తుకొచ్చి, "అయ్యా, చూపుండగా దీన్నొకసారి కొత్తగా చూసుకోవాలి. పైన నలుపు, కింద ఎరుపు, మధ్యన తెల్ల గీత. నిండా సరుకుంటే నీళ్ళు ఎక్కడ ఆనుతాయో గీత అక్కడే రావాలి. గీత తప్పితే అది నా ఓడ కాదు" అన్నాడు. ఎవరితో అంటున్నాడో తెలీదు పాపం.

వేరే ఎవరైనా అయితే స్కేలు పెట్టి ఒక్క గీత లాగేసి చేతులు కడుక్కునేవాడు. మా బావ స్నానాల గదిలో సిమెంటు తొట్టి నింపాడు. నిండా సరుకన్నాడు కదా అని ఓడ కడుపులో పాత గడియారాల చక్రాలూ స్ప్రింగులూ కూరాడు. తేల్చి, నీళ్ళు ఆనిన చోట పెన్సిలు గుర్తు పెట్టి, ఆరబెట్టి రంగులేశాడు. బ్రహ్మాండంగా వచ్చింది. మర్నాడు మళ్ళీ తేలిస్తే గీత నీళ్ళ కిందుంది. వెంట్రుకవాసి. రంగుకీ బరువుంటుంది కదరా! పోనీలే బావా, వెంట్రుకేగా అన్నాను. ఎలా చూశాడనుకున్నావ్ నావైపు! గీత పైకి జరిపాడు, అతుకు కనపడకూడదని పొట్టంతా మళ్ళీ రంగేశాడు. ఆ పూత బరువుకి ఓడ ఇంకో వెంట్రుక దిగింది. మళ్ళీ వేశాడు. మళ్ళీ దిగింది. పాత రంగు గీకెయ్ అంటే, "గీకితే ఓడ పైకి లేస్తుంది, అప్పుడు గీత కిందకి దించాలి, దించాలంటే రంగెయ్యాలి" అంటాడు. పోనీ రెండు స్ప్రింగులు తీసెయ్ అంటే, "సరుకు దొంగతనం చెయ్యమంటావా?" ముందే కాస్త పైన గీసెయ్ బావా అంటే, "ఇంకా రాని నీళ్ళకి గీత గీయనా?" ఏం చెప్తావ్ చెప్పు?

తొట్టిలో నీళ్ళు కదలకూడదని ఎవర్నీ ఆ గదిలోకి పోనిచ్చేవాడు కాదు. ఇంటిల్లిపాదీ తువ్వాళ్ళు భుజాన వేసుకుని పక్కింటికి స్నానాలకి. "మీకు నీళ్ళు రావట్లేదా?" అని పక్కింటావిడ అడిగితే మా అక్క, "నీళ్ళొస్తున్నాయమ్మా, ఓడ కూడా వచ్చింది" అంది. ఆ కెప్టెన్ రోజూ గోడ పట్టుకుని మెట్లు దిగొచ్చి, అయిందా అనేవాడు. ఇంకొక్క పూతండీ అనేవాడు మా బావ. ఓరోజు ఓడ ఎదురుగానే ఉంది, నల్లగా నిగనిగలాడుతూ. "నలుపు వేశారా?" అన్నాడాయన. మా బావ మొహంలో నెత్తురు లేదు. ఆ తర్వాత ఆయన కిందకి దిగడమే మానేశాడు.

పన్నెండో పూత ఆరింది. పొద్దున్నే తొట్టిలో వదిలాడు. నీళ్ళు సరిగ్గా గీత మీద ఆగాయిరా, సరిగ్గా! కానీ గీత అప్పటికి ఓడ అంచు దాకా వచ్చేసింది. మేం గుమ్మంలో నిలబడి చూస్తున్నాం. ఇంతలో మా అక్క, ఇక ఒళ్ళు మండి, చెంబు తెచ్చి తొట్టిలో ముంచింది. ఒక్క చెంబు! అల లేచింది, ఓడ ముక్కు వంచింది, గుడగుడమంటూ వెళ్ళి అడుగున కూర్చుంది. తీసేసరికి ఓడ పైన నిలబెట్టిన కర్రలు విరిగాయి, పొట్ట పగిలింది, పన్నెండు పూతలూ తొక్కలా చేతికొచ్చాయి. "ఇప్పుడెక్కడ గీస్తారండీ?" అని, అక్కే భోరుమంది. బావ కూడా ఏడ్చాడు. నాకూ ఏడుపొచ్చింది, ఎందుకబద్ధం.

అలా తడి చేతుల్తోనే పైకెళ్ళాడు. వెనకాలే నేను. కెప్టెన్ మంచం మీద పడుకుని ఉన్నాడు. "కెప్టెన్ గారూ, మీ ఓడ మునిగిపోయిందండీ" అన్నాడు మా బావ. అలాగేనా చెప్పడం! తల పట్టుకున్నాను. ఆయన లేచి కూర్చున్నాడు. తడుముకుంటూ చొక్కా బొత్తాలు మెడ దాకా పెట్టుకున్నాడు. "మనుషులు?" అన్నాడు.

మా బావ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "అందరూ దిగిపోయారండీ. ఒక్కరికీ ఏం కాలేదు." "చివర ఎవరు దిగారు?" "నేనేనండీ." ఆయన చెయ్యి చాపి, వెతుక్కుని, ఆ తడి చెయ్యి పట్టుకున్నాడు. "ఎన్నింటికి?" "ఆరూ నలభై రెండుకండీ." "రాయి" అన్నాడు కెప్టెన్, ఓడ చిట్టాలో రాయించినట్టు. కాగితం కోసం నేనే కిందకి పరిగెత్తాను. మెట్ల మీద కళ్ళు కనపడితేగా... ఏదీ, ఆ మంచినీళ్ళ గ్లాసిలా ఇవ్వు.