కరరైనా అత్త గడ్డం

అమ్మొద్దని ఒక్క మాట అన్నావా అత్తా? అనలేదు. ఇప్పుడు పెట్టెలో హాయిగా పడుకుని, తప్పంతా నీ మేనల్లుడు తీపెనే అనే ఈ గాడిదదేనన్నట్టు మొహం పెడితే ఎలా?

తిడతాను. ఎందుకు తిట్టను? పోయినవాళ్లని పూడ్చేలోగా ఎదురుగా కూర్చుని ఉన్నదంతా అనెయ్యడం మనవాళ్ల ఆచారమే కదా. మూడు రోజుల్నుంచీ వచ్చినవాళ్లంతా నిన్ను మొహాన్నే తిట్టి, ఏడ్చి, ముక్కుకి ముక్కు ఆనించి పోతున్నారు. మీ మరిదైతే అరవై ఏళ్లనాటి పడవ గొడవ కూడా ఎత్తాడు. నేనొక్కణ్నే నోరు మూసుకోవాలా? మూత వేసేశాక ఇంకెవరితో అనాలి?

బయట వాన ఆగట్లేదు. గుంటలో నీళ్లు ఊరుతున్నాయట, బకెట్లతో తోడుతున్నారు. ఇలాంటిది నేనెప్పుడూ చూళ్లేదు.

రెండు వేసవులు నీ పక్కన స్టూలు వేసుకు కూర్చున్నాను కదా, బొమ్మలు గీస్తూ. పదహారో ఏట గడ్డం మీద పొడిపించుకున్న పచ్చబొట్టు, తొంభై ఒకటి వచ్చేసరికి ముడతల్లో పడి అలికేసినట్టయిపోయింది. నువ్వే రెండు వేళ్లతో చర్మం లాగి పట్టుకుని, ఇది మా నాన్నవైపు గీత, ఈ ఎడమవైపు సుడి మా అమ్మవాళ్లది, సరిగా వెయ్యరా అన్నావు. మన పిల్లల కోసమే కదా అని అడిగావు. అవునన్నాను. మరి ఆటలాడేది పిల్లలే కదా!

పదిహేనేళ్లు పాలప్యాకెట్ల మీద ఆవుల్ని గీశాను అత్తా. నాదంటూ ఒక్క బొమ్మ లేదు. ఆక్లాండ్‌లో వీడియో గేములు చేసేవాళ్లు సొంత పాత్రలేవైనా ఉంటే పట్రమ్మన్నారు. ఏటిని కాచే ముసలమ్మని గీశాను. వేరే గడ్డం పెడితే ఉత్త బొమ్మలా ఉంది. నీది పెట్టాను. లేచి నావైపు చూసింది.

వాళ్లకి తెగ నచ్చింది. కాగితం పెట్టారు. ఈ గీతలు ఎవరివీ కావు, నా బుర్రలోంచే పుట్టాయి అని రాసుంది అందులో. ఇకమీదట ఇంకెవరూ ఎక్కడా వాడకూడదని, అసలు బొమ్మలన్నీ వాళ్లకే అప్పగించాలని కూడా ఉంది. చదివాను. చదివే సంతకం పెట్టాను.

ఆ తర్వాత కదా నువ్వు కబురు పెట్టింది! నా పచ్చ నా మనవరాలు మేరేయానాకి ఇస్తున్నాను, పొడిచేవాడికి చూపించాలి, ఆ బొమ్మలు పట్రా అని. మూడు వారాలు ఏదో వంక చెప్పాను. ఈలోగా నువ్వు పోయావు. అంత తొందరేమొచ్చింది నీకు?

నువ్వు పోయావని కబురొచ్చిన రోజు ఆ బొమ్మల్ని బల్ల మీద పరుచుకుని కూర్చున్నాను. నీ పెట్టెలో పెట్టేస్తే నీతో పాటు మట్టిలోకి పోతాయి, ఇందులో పెట్టినదాన్ని మనవాళ్లెవరూ తీయరు. మేరేయానాకిస్తే కంపెనీవాళ్లు కోర్టుకెక్కుతారు, నా ఏటి ముసలమ్మ బొమ్మా పోతుంది, నా పేరూ పోతుంది. కంపెనీకిస్తే నీ మనవరాలు తన గడ్డానికి తానే వాళ్ల అనుమతి అడుక్కోవాలి. ఏం చెయ్యమంటావు చెప్పు?

అదిగో, నీ కాళ్ల దగ్గరే కూర్చుంది, తలకి ఆకుల దండ చుట్టుకుని. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది పిల్లకి. పొద్దున నా దగ్గరకొచ్చి అడిగింది.

"మామయ్యా, నాయనమ్మ గడ్డం సరిగ్గా తెలిసింది నీకొక్కడికే. ఆ బొమ్మ ఇస్తే వచ్చే నెల పొడిపించుకుంటాను."

ఇచ్చాను అత్తా. కాగితాన్ని ముక్కుకి ఆనించుకుని ఏడ్చింది. చుట్టుపక్కలవాళ్లంతా నా వీపు తట్టారు.

మీ అబ్బాయి మూత పట్టుకొచ్చాడు. నన్ను లేవమంటున్నారు. ఒక్క నిమిషం ఆగండయ్యా.

విను. అసలువి ఇక్కడికి బయల్దేరే ముందే కంపెనీకి పంపేశాను. పిల్ల చేతిలో ఉన్నది ఆ ముందు రోజు కొత్తగా గీసింది. కేసు రాకుండా ఉండాలని ఎడమవైపు సుడి తీసేశాను. గడ్డం చూడ్డానికి బాగానే ఉంది, ఎవరూ పట్టలేరు. మీ అమ్మవాళ్లు మాత్రం లేరు అందులో. వచ్చే నెల దాన్నే పొడిపించుకుంటుంది. జన్మంతా మోస్తుంది. రేపు తన కూతురికీ అదే ఇస్తుంది.

తెలిసింది నీకూ నాకూ. నువ్వు చెప్పలేవు. నేనా? చెప్పే మొహమే అయితే పొద్దున్నే చెప్పేవాణ్ని కదా.

సరే బావా, వేసెయ్.