గొంతు పోయిన కంప్యూటరు

‘ఒక్క నొక్కు నొక్కండి, మీ పాత కంప్యూటరు కొత్తదైపోద్ది, అంతా ఉచితం’ అని ఇంటర్నెట్లో ఒకచోట రాసుందంట. ఆ మాట నమ్మినోడు పోలినాయుడు. ఎవరనుకున్నారు, మన గ్రంథాలయం చూసుకునే కుర్రోడే. నోరు తెరిస్తే నినాదం. ‘జ్ఞానం జనం సొత్తు, తాళాలు బద్దలు కొట్టండి’ అంటాడు. కోపం ముక్కు మీద, మనసు మాత్రం వెన్న అనుకోండి. ఆ గ్రంథాలయంలో ఉన్నది ఒకటే కంప్యూటరు. దాన్ని అందరికన్నా ఎక్కువ వాడేది నూకరత్నం. ఆ పిల్లకి పుట్టుకతోనే చూపు లేదు. తెర మీద అక్షరాలని పైకి చదివే గొంతొకటి దాంట్లో పెట్టించేరు. ఆ గొంతు వింటూ టీచరు పరీక్షకి చదువుకుంటోందంట.

ఏమైందంటే, మిషను నత్తలా నడుస్తోందని పోలినాయుడు ఆ ఉచితం సాఫ్ట్‌వేరు సరుకు దించేడు. తయారుచేసినోళ్ళ సొంత చోటు నించైనా కాదు, ప్రకటనలు మెరిసే ఏదో సంతలోంచి. అది లోపలంతా గాలించి, వేల తప్పులున్నాయని ఎర్రెర్రగా చూపించింది. బెదిరించింది అన్నమాట. కంప్యూటరు లోపల రిజిస్ట్రీ అని ఒక చిట్టా ఉంటాదంట, ఏ సామాను ఏ మూలుందో అది అందులోనే చూసుకుంటాదంట. దాంట్లో పనికిరానివి ఊడ్చేస్తానంది. ఊడ్చే ముందు నకలు దాచనా అని కూడా అడిగింది పాపం. వీడికి తొందర. వద్దన్నాడు. ఊడ్చేసింది.

పొద్దున్నే నూకరత్నం వచ్చి కూర్చుంది. మీట నొక్కింది. ఉలుకూ లేదు పలుకూ లేదు. అన్నా, ఇది చచ్చిపోయిందేటి అంది. లేదు చెల్లీ, అద్దంలా మెరిసిపోతోంది అన్నాడు. ‘నీకు మెరిసింది, నాకు ఆరిపోయింది. ఏం చేసేవు?’ ‘చెత్త తీసేను.’ ‘చెత్తని ఎవరన్నారు?’ ‘అదే అంది.’ ‘ఏమేం తీస్తోందో చూపించలేదా?’ ‘చూపించింది.’ ‘మరి చదివేవా?’

చదవలేదండీ! పకోడీ పొట్లం కాయితం కూడా వదలకుండా చదివేవోడు, ఇది చదవలేదు. ఆ ఊడ్చినదాంట్లోనే గొంతు చిరునామా కూడా పోయింది. సిగ్గేసింది. సిగ్గు దాచుకోడానికి, ఇది కుట్ర, ఇది దోపిడీ, జనాన్ని భయపెట్టి బతికే వ్యాపారం అని అరిచేడు. ఆ పిల్ల అరుపంతా విని, ‘నిజమే అన్నా. పై వారం నా పరీక్ష. ముందు నా గొంతు తెచ్చిపెట్టు, నినాదం తరవాత ఇద్దరం కలిసి ఇద్దాం’ అంది.

అదృష్టమేటంటే, అంతకు ముందెప్పుడో కంప్యూటరు తన పాత స్థితిని తనే దాచుకుందంట. అక్కడికి వెనక్కి తిప్పొచ్చు. ఈసారి పోలినాయుడు తెర మీద ప్రతి ముక్కా పైకి చదివేడు. ఆ పిల్ల ఊఁ అంటేనే నొక్కేడు. గొంతు వచ్చేదాకా వీడే గొంతు అన్నమాట. కాసేపటికి కంప్యూటరు ‘స్వాగతం’ అంది. నూకరత్నం తెర మీద చెయ్యి వేసి నిమిరింది. తరవాత, ఎవరూ ఆడని ఆటలు నాలుగు తీసేస్తే మిషను మామూలుగానే నడిచిందంట. అసలు ఊడ్చే పనే లేదు, చూసేరా.

అప్పుడు ఆ సరుకు చేసినోళ్ళని జవాబు చెప్పమని ఉత్తరం రాసి, చదివి వినిపించేడు. బాగుంది, నీ పేరేదీ అందులో అంది నూకరత్నం. మా వోడు ఇంకో వరస కలిపి, నకలొకటి గ్రంథాలయం తలుపుకి అంటించేడు. ఇప్పటికీ ఉంది, చూసుకోండి. ఉచితమని ఊరించి గొంతు కోసినోళ్ళూ, చదువొచ్చి కూడా చదవకుండా సరేనన్న పోలినాయుడూ, ఇద్దరూ జవాబు చెప్పాలంట, కంప్యూటర్ల భద్రత రోజని చెప్పే నవంబరు ముప్పై లోపు.