నల్ల గుర్తు వాలు

ఆస్ట్రియా కొండల్లో మంచు సెలవుల వారం సగం గడిచింది. తీగ మీద వేలాడుతూ పైకెళ్తున్న కుర్చీ లిఫ్టు ఉన్నట్టుండి ఆగి గాల్లో ఊగుతోంది. అందులో, కాళ్ళకి మంచు మీద జారే స్కీ పలకలు, చేతుల్లో ఊత కర్రలతో ఒక మామయ్య, ఆయన మేనకోడలు.

"ఏమే పిరికిపిల్లా, అలా బిగుసుకుపోయావేం? పైకెళ్తే నీలం గుర్తు వాలే. పసిపిల్లలు జారేది."

"ఇదెప్పుడు కదులుతుంది మామయ్యా? కాళ్ళు కొంకర్లు పోతున్నాయి."

"కదిలాక అసలు ఏడుపు. నిజం చెప్పనా? పైనున్నది నల్ల గుర్తు వాలు! గోడలా నిలువుగా ఉంటుంది. నీ మొహం చూద్దామనే అబద్ధమాడి ఎక్కించా."

"అయ్యో! మరి నువ్వెలా దిగుతావ్? నీకు ఆగడమే రాదుగా."

"నేనెందుకు జారతానే? ఈ స్కీలు వేషానికి! ఇదే కుర్చీలో కూర్చుని దర్జాగా కిందికొస్తా. దిగేవాళ్ళనీ ఎక్కించుకుంటారని నిన్న నువ్వే చెప్పావుగా."

"అవును, చెప్పాను."

"మరి ఆ నవ్వేంటే?"

"రోజూ పొద్దున్న నువ్వు గురక పెడుతుంటే, నేను ఆ నల్ల వాలు మీదే జారుతున్నా మామయ్యా. ఈ లిఫ్టులో కిందికి ఎవర్నీ ఎక్కించుకోరు. అదిగో, కదిలింది. కర్రలు గట్టిగా పట్టుకో."