బ్రెడ్డు మీద మెరుపు

లీడ్స్‌లో ఆ శనివారం అతను చీకటితోనే లేచి, పిండి పిసికి, బ్రెడ్డు కాల్చాడు. పొద్దెక్కాక భార్య సూట్‌కేసు ఈడ్చుకుంటూ వచ్చేసరికి ఉల్లిపాయ ఆమ్లెట్టు కూడా పొగలు కక్కుతోంది. ఆమె కోటు గుండీలు మెడదాకా పెట్టేసుకుని ఉండటం అతను చూశాడు.

"ఎవరికిదంతా?"

"నీకే. తిని వెళ్దువుగాని."

"నెలల తరబడి పలకనివాడివి, ఇవాళ వండిపెడితే మా అక్క దగ్గరికి వెళ్ళకుండా ఆగిపోతాననా?"

"ఆగమన్లేదు. కూర్చోమన్నాను."

"ఇవాళ ఏం వారం?"

"శనివారం."

"శనివారం నేను గుడ్డు తినగా చూశావా ఎప్పుడైనా?"

అతను ఆమ్లెట్టు వైపు చూశాడు.

"ఎందుకు తిననో అదైనా తెలుసా?"

"మీ పుట్టింటి ఆచారమనుకున్నా."

"మా పుట్టింట్లో శనివారం కోడి కోస్తారు. నీకు ఆపరేషనప్పుడు మొక్కుకున్నాను. నువ్వు లేచి తిరిగితే శనివారాలు నీచు ముట్టనని."

"నాకు చెప్పలేదుగా."

"ఎప్పుడన్నా అడిగావా?"

అతను ఆమ్లెట్టు పక్కకి జరిపి చాకు తీసుకున్నాడు.

"పోనీ బ్రెడ్డన్నా తిను. నా చేత్తో చేశాను."

ఆమె వంగి చూసింది.

"పైన ఆ మెరుపేంటి?"

చాకు బ్రెడ్డు మీదే ఆగిపోయింది.

"గుడ్డు సొన పూశాను."

"బాగుంది. లేచి తిరుగుతున్నావు, వండుకు తింటున్నావు. నేను మొక్కుకున్నది అంతవరకే. తలుపేసుకో."