రెండు వైపుల కొలత

ఆ ఇస్త్రీపెట్టె అక్కడ పెట్టు వదినా. ఎత్తమన్నానా? నాకోసమే ఎత్తానని చెప్పకు. నాలుగు నెలలుగా ఇదే వరస. నేను చెయ్యి చాపేలోపే నువ్వు ఎత్తేస్తావు.

నవ్వకు. నాకేం నవ్వు రావట్లేదు.

ఈ కుట్టు షాపంతా నిన్ను గుండీల వదినా అంటుంది. ఎనిమిదేళ్ళుగా గుండీలే కుడుతున్నావు మరి. నేను కత్తిరింపు బల్ల దగ్గర పదహారేళ్ళు. నా బల్ల మీద నీ కన్ను పడిందని నాకెవరూ చెప్పలేదు, నేనే అనుకున్నాను. అనుకోనా మరి?

కాన్సర్ అని తేలి ఆపరేషన్ అయినప్పుడు ఎంతమంది వచ్చారు! మా అక్క నెల్లాళ్ళు ఉంది. మా ఆయన నా మందుల వేళలన్నీ కాగితం మీద రాసి గోడకి అంటించాడు. ఆఖరి ఇంజెక్షన్ అయ్యాక డాక్టరమ్మ, "ఇక మూడు నెలలకోసారి వస్తే చాలు" అంది. ఇంటికి రాగానే ఆయన ఆ కాగితం పీకేశాడు. సంతోషంతోనేలే. అక్క సంచీ సర్దుకుంది. ఇప్పుడు ఫోన్ చేస్తే, "ఇంకా ఏంటే నీకు, అయిపోయిందిగా" అంటుంది.

అయిపోయిందట! బరువెత్తితే చెయ్యి వాస్తుంది. వెన్నులో కాస్త నొప్పొస్తే మళ్ళీ వచ్చిందేమోనని భయం. ఎవరితో చెప్పను? చెబితే ఇంట్లో అందరి మొహాలూ మాడిపోతాయి.

అందరూ మానేశాక నువ్వు మొదలుపెట్టావు. అదే నాకు మింగుడు పడలేదు. నేను వచ్చేసరికి బట్ట తానులు బల్ల మీదుంటాయి. ఆస్పత్రికి వెళ్తే వెనకాలే వచ్చి బయట బెంచీ మీద కూర్చుంటావు. "డాక్టర్ని అడగాల్సినవి చెప్పు, రాసిస్తా" అంటావు. ఎందుకమ్మా? నీకు ఇల్లూ వాకిలీ లేవా?

పైగా ఆ చిన్న పుస్తకం! నేను అటు తిరిగితే చాలు, ఓరగా చూసి ఏదో గీకుతావు. మొన్న ఒక కాలర్ అంగుళం తక్కువ కత్తిరించానుగా. నా చెయ్యి పట్టు తప్పిందని యజమానికి చూపించడానికి తప్పులు రాసుకుంటున్నావనుకున్నా.

ఆగు. పూర్తిగా చెప్పనీ.

మధ్యాహ్నం నువ్వు నీళ్ళ సీసా నింపుకోడానికి వెళ్ళినప్పుడు నీ సంచీ వెతికాను. ఔను, వెతికాను. ఏం చేస్తావో చేసుకో. పుస్తకం తెరిచాను. తప్పులు లేవు. కొలతలు. ఛాతీ కొలత ఎవరైనా ఒకటే రాస్తారు. నువ్వు రెండు రాశావు, ఎడమకొకటి, కుడికొకటి. కింద, "ఎడమవైపు లోపల దూది మెత్త, బయటికి కుట్టు కనపడకూడదు, చంక దగ్గర వదులు, చెయ్యి వాస్తోంది" అని.

పదహారేళ్ళలో ఎన్ని కొలతలు తీసుకున్నానో! అలాంటి పేజీ ఎప్పుడూ చూళ్ళేదు. ఇంకెవరిదో అనుకుందామన్నా వీల్లేకపోయింది.

షాపులో పనిచేసేవాళ్ళందరికీ పైన వేసుకునే కొత్త కోట్లు కుడుతుంటే నేనే కదా వద్దన్నాను, శాలువా చాలన్నాను. నువ్వు విని ఊరుకున్నావనుకున్నా.

అంతటితో అయితే బాగానే ఉండేది. నేను పొద్దున్నే యజమాని గదికి వెళ్ళొచ్చాను వదినా. "ఆవిడని ఇక్కడినుంచి మార్చండి, నా పనికి ఎసరు పెడుతోంది" అన్నాను. సోమవారం నుంచి నిన్ను పై అంతస్తుకి పంపిస్తానన్నాడు.

అలా చూడకు. తిట్టు, పడతాను. నేనే వెళ్ళి, అన్న మాట వెనక్కి తీసుకుంటాను. మతి పోయిందంటాడు. అననీ.

అలాగని అనుమానం పూర్తిగా పోయిందనుకోకు. ఊరికే ఇంత చేసేవాళ్ళుంటారంటే నాకింకా నమ్మబుద్ధి కావట్లేదు.

అన్నట్టు, నీ కొలతలన్నీ తప్పు. శాలువా మీంచి కంటితో కొలిస్తే కోటు కుదురుతుందా? ఇన్నేళ్ళు షాపులో ఉండి ఇదేం పని? నన్నడగొచ్చుగా!

అడిగినా నేను చెప్పలేకపోయేదాన్నిలే. ఆపరేషన్ అయినప్పట్నుంచి ఆ వైపు ఒక్కసారి కూడా చూసుకోలేదు. స్నానం కూడా కళ్ళు మూసుకునే.

యజమాని దగ్గరికి తర్వాత వెళ్తాను. ముందు ఆ తలుపు గడియ పెట్టు. టేపు అదిగో, బల్ల మీద. నేను కళ్ళు మూసుకుంటాను, నువ్వు కొలువు.

అంకె మాత్రం పైకి చెప్పకు. రాసుకో.